బ్లూబెర్రీలు, ఇతర బెర్రీ పండ్లు: చెప్పే గుణాల్లో నిలబడేవి ఏవి?

పరగడుపు (ప్రశ్న):

నమస్కారం. నా వయసు 61 ఏళ్ళు. పోయిన నెల చేయించుకున్న పరీక్షల్లో పరగడుపు చక్కెర హద్దు మీద ఉందనీ, రక్తపోటు ఉండవలసినదానికన్నా కొంచెం ఎక్కువగా ఉందనీ తేలింది. మందులు ఇంకా మొదలుపెట్టలేదు. తిండీ నడకా సరిచేసుకొని మూడు నెలల తరువాత మళ్ళీ రమ్మని డాక్టరు గారు చెప్పారు. సంగతి తెలిసిన మర్నాడే మా అమ్మాయి ఒక డబ్బా నిండా బ్లూబెర్రీలు తెచ్చి నా ముందు పెట్టి, రోజూ గుప్పెడు తింటే చక్కెర, రక్తపోటు, మతిమరుపు అన్నీ దారికి వస్తాయని నమ్మకంగా చెప్పింది. పండ్లు రుచిగానే ఉన్నాయి. కానీ ఒక్క పండు ఇన్ని పనులు చేస్తుందంటే నాకు మొదటినుంచీ అనుమానమే.

చదువుదామని కూర్చుంటే రెండు రకాల రాతలు కనిపించాయి. మొదటి రకం వారికి బ్లూబెర్రీ సర్వరోగ నివారిణి. యాంటీఆక్సిడెంట్ల అంకెలు వేలల్లో ఇచ్చి, మిగతా పండ్లన్నీ దీని ముందు దిగదుడుపే అంటారు. రెండో రకం వారు ఇదంతా అమ్ముకునేవారి ప్రచారమనీ, ఏ పండు తిన్నా ఒకటేననీ కొట్టిపారేస్తారు. ఇద్దరిలో ఎవరూ తమ మాటకు ఆధారం ఏమిటో చెప్పలేదు.

నేను తెలుసుకోదలచినవి ఇవి. ఆ యాంటీఆక్సిడెంట్ల అంకెలకు అర్థం ఏమిటి? తియ్యగా ఉన్న పండు చక్కెర హద్దు మీద ఉన్నవాడు రోజూ తినవచ్చా? గుండెకూ జ్ఞాపకశక్తికీ మేలు అన్నది మనుషుల మీద పరీక్షించి చెప్పినదా, ఎలుకల మీద పరీక్షించి చెప్పినదా? మా ఇంటావిడకు మూత్రంలో ఇన్ఫెక్షను తరచుగా తిరగబెడుతూ ఉంటుంది. ఆమెను క్రాన్‌బెర్రీ రసం తాగమని చాలామంది చెబుతున్నారు, అందులో ఎంత నిజం ఉంది? తెలిసినవారు ఓపికగా వివరిస్తే మేలు చేసినవారవుతారు.

పోషకాల పంతులు:

పరగడుపు గారూ, నేను పోషకాహార శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మీ మొదటి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత చెబుతాను.

ముందు పండులో ఏముందో చూద్దాం. 100 గ్రాముల బ్లూబెర్రీల్లో 84 గ్రాములు నీరే. శక్తి 57 కిలోకేలరీలు, చక్కెరలు సుమారు 10 గ్రాములు, పీచు 2.4 గ్రాములు, విటమిన్ సి సుమారు 10 మిల్లీగ్రాములు, విటమిన్ కె సుమారు 19 మైక్రోగ్రాములు ఉంటాయి. ఈ అంకెలు చూస్తే ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. విటమిన్ సి కోసమే అయితే అదే బరువు స్ట్రాబెర్రీల్లో దాదాపు 59 మిల్లీగ్రాములు, నల్ల ద్రాక్షలా కనిపించే బ్లాక్‌కరెంట్‌లో 180 మిల్లీగ్రాములు ఉంటుంది. పీచు కోసమే అయితే 6.5 గ్రాములతో రాస్ప్‌బెర్రీ, 5.3 గ్రాములతో బ్లాక్‌బెర్రీ చాలా ముందున్నాయి. చక్కెరలు కూడా ఈ రెండింటిలో నాలుగైదు గ్రాములకు మించవు. బెర్రీలన్నింటిలోకీ బ్లూబెర్రీయే గొప్పదన్న మాట పోషకాల పట్టిక ముందు నిలబడదని దీన్నిబట్టే తెలుస్తుంది. మీ పరిస్థితిలో నన్ను ఒక్క పండునే ఎంచుకోమంటే రాస్ప్‌బెర్రీని ఎంచుకుంటాను.

బ్లూబెర్రీకి ఉన్న ప్రత్యేకత దాని రంగులో ఉంది. ఒక పండును అడ్డంగా కోసి చూడండి: తొక్క ముదురు నీలం, లోపలి గుజ్జు మాత్రం పాలిపోయిన ఆకుపచ్చ. ఆ నీలాన్ని ఇచ్చే పదార్థాలను ఆంథోసయనిన్లు అంటారు. ఐరోపా అడవుల్లో పెరిగే దాని దగ్గరి చుట్టం బిల్‌బెర్రీలో గుజ్జుకు కూడా ఇదే రంగు పట్టి ఉంటుంది కాబట్టి, దాన్ని తిన్నవారి నాలుక, పళ్ళు కొంతసేపు ఊదారంగులోనే ఉంటాయి. తొక్కలోనే రంగు ఉన్నప్పుడు, చిన్న పండ్లలో బరువుకు తగిన తొక్క ఎక్కువ ఉంటుంది గనుక, అడవి రకం చిన్న బ్లూబెర్రీల్లో ఈ పదార్థం సాగు చేసిన పెద్ద పండ్లకన్నా సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. పెద్ద పండు చూడడానికి బాగుంటుందే తప్ప ఈ విషయంలో చిన్నదే మిన్న.

ఇక మీరు చూసిన వేల అంకెల సంగతి. పండు రసాన్ని పరీక్షనాళికలో ఒక రసాయనంతో కలిపి, అది ఆక్సీకరణను ఎంతవరకు ఆపగలదో కొలిచే ఓరాక్ అనే పద్ధతి ఒకటి ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు వందలాది ఆహార పదార్థాలకు ఈ అంకెల పట్టికను ప్రచురించింది. దాన్ని పట్టుకొని సరుకు అమ్మేవారు ఎవరికి తోచినట్టు వారు ప్రచారం చేసుకోవడంతో, పరీక్షనాళికలోని కొలతకూ మనిషి శరీరంలో జరిగేదానికీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదని చెప్పి, 2012లో ఆ శాఖే పట్టికను తన వెబ్‌సైటు నుంచి తొలగించింది. పట్టిక పోయి ఇన్నేళ్ళయినా అంకెలు మాత్రం డబ్బాల మీద, ప్రకటనల్లో ఇంకా బతికే ఉన్నాయి.

అలాగని ఆంథోసయనిన్లకు పనే లేదని నా ఉద్దేశం కాదు. అవి పని చేసే తీరు వేరు. మింగిన ఆంథోసయనిన్ చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మిగిలినది పెద్దపేగు దాకా వెళ్ళి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో చిన్న చిన్న ఫీనాలిక్ ఆమ్లాలుగా విరిగి, ఆ రూపంలో రక్తంలోకి వస్తుంది. 2013లో ఎనిమిది మంది పురుషులకు, జాడ తెలుసుకోవడానికి వీలుగా ప్రత్యేకమైన కార్బన్ గుర్తు పెట్టిన ఆంథోసయనిన్‌ను 500 మిల్లీగ్రాములు ఇచ్చి, ఊపిరిలో, రక్తంలో, మూత్రంలో, మలంలో వెతికిన పరిశోధన ఒకటి జరిగింది. తిన్నదానిలో సుమారు 12 శాతం శరీరంలోకి చేరిందనీ, అందులో ఎక్కువ భాగం అలా విరిగిన రూపాల్లోనే ఉందనీ దానిలో తేలింది. అందుచేత పండు శరీరంలో తుప్పును గీకివేస్తుందని ప్రచారంలో చెప్పే పోలిక సరికాదు. ఆ విరిగిన పదార్థాలు రక్తనాళాల లోపలి పొర మీద పని చేసి, అవి సులువుగా వ్యాకోచించేందుకు తోడ్పడతాయన్నదే ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా పరిశీలిస్తున్న దారి.

చక్కెర సంగతి తేలిగ్గానే తేల్చవచ్చు. కప్పు బ్లూబెర్రీలంటే 150 గ్రాములు. అందులో సుమారు 15 గ్రాముల చక్కెరలు, మూడున్నర గ్రాముల పీచు ఉంటాయి. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచి (గ్లూకోజుకు 100) దీనికి 50 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, భోజనంలో భాగంగానో, తీపి తినాలనిపించినప్పుడు దానికి బదులుగానో తింటే మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. రోజూ తినే తీపి అలాగే ఉంచి, దానికి పైన ఈ కప్పు చేర్చితే మాత్రం చక్కెర పెరిగిందే తప్ప తగ్గలేదు. మీ ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే, తిన్న రెండు గంటల తరువాత ఒకటి రెండు సార్లు చూసుకోండి. మీ శరీరం చెప్పే మాట నేను చెప్పేదానికన్నా నమ్మదగినది.

లెక్కల మనిషి:

పంతులు గారు వదిలిన మూడో ప్రశ్నను నేను అందుకుంటాను. వైద్య గణాంకాలతో నిత్యం పని చేసేవాడిని కాబట్టి, ఫలితంకన్నా ముందు అది ఎలా వచ్చిందో చూడడం నాకు అలవాటు.

మీ అనుమానం నిజమే. ఈ కథ ఎలుకలతోనే మొదలైంది. 1999లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ జోసెఫ్, ఆయన సహచరులు వయసు మళ్ళిన ఎలుకలకు ఎనిమిది వారాలపాటు స్ట్రాబెర్రీ, పాలకూర, బ్లూబెర్రీల సారాన్ని వేర్వేరుగా పెట్టి పరీక్షించారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మూడు గుంపుల ఎలుకలూ మెరుగుపడ్డాయి గానీ, శరీరాన్ని నిలదొక్కుకొని నడిచే నేర్పులో స్పష్టమైన మెరుగుదల కనిపించింది బ్లూబెర్రీ తిన్నవాటిలోనే. బ్లూబెర్రీకి మెదడు పండు అన్న పేరు రావడానికి ఈ పరిశోధనే పెద్ద కారణం.

మనుషుల సంగతికి వస్తే రెండు రకాల ఆధారాలు ఉన్నాయి. మొదటిది, వేలమంది ఏం తింటున్నారో రాసుకొని, ఏళ్ళ తరబడి వారి ఆరోగ్యాన్ని గమనించడం. అమెరికా నర్సుల మీద జరిగిన ఇలాంటి అధ్యయనంలో 93,600 మంది స్త్రీలను 18 ఏళ్ళపాటు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఆంథోసయనిన్లు అందరికన్నా ఎక్కువగా తిన్న అయిదో వంతు స్త్రీలలో, అందరికన్నా తక్కువగా తిన్నవారితో పోలిస్తే, గుండెపోటు అవకాశం 32 శాతం తక్కువగా కనిపించింది. పత్రికలు పెద్ద అక్షరాలతో వేసుకున్న మాట మాత్రం ఇది కాదు. వారానికి మూడు సార్లకు మించి బ్లూబెర్రీలు, స్ట్రాబెర్రీలు తిన్నవారిలో 34 శాతం తగ్గుదల అన్నది. ఆ రెండో అంకె యాదృచ్ఛికంగా వచ్చి ఉండే అవకాశాన్ని గణాంకాలు తోసిపుచ్చలేకపోయాయి. నాకు దీని మీద చిన్న కోపం ఉంది, ఎందుకంటే ప్రచారంలో నిలిచిపోయింది బలహీనమైన ఆ అంకే.

మీకు నేరుగా సంబంధించినది మధుమేహం మీద జరిగినది. మూడు పెద్ద సమూహాల్లోని 1,87,382 మందిని గమనించగా 12,198 మందికి టైప్ 2 మధుమేహం వచ్చింది. వారానికి మూడు సార్లు బ్లూబెర్రీలు తినడం 26 శాతం తక్కువ అవకాశంతో ముడిపడి ఉంది. అదే అధ్యయనంలో స్ట్రాబెర్రీలకు అలాంటి సంబంధం కనబడలేదు. పండ్ల రసాలకైతే ఎదురు తిరిగి 8 శాతం ఎక్కువ అవకాశం కనిపించింది. మరో అధ్యయనంలో 70 ఏళ్ళు దాటిన 16,010 మంది స్త్రీలను పరిశీలించి, బెర్రీలు ఎక్కువగా తిన్నవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గే వేగం నెమ్మదిగా ఉందనీ, ఆ తేడా రెండున్నర ఏళ్ళ వయసు తేడాకు దగ్గరగా ఉందనీ 2012లో ప్రకటించారు.

వీటన్నింటికీ ఒకే లోపం ఉంది. బెర్రీలు క్రమం తప్పకుండా తినేవారు సాధారణంగా పొగ తాగడం తక్కువ, నడక ఎక్కువ, చదువూ సంపాదనా కొంత మెరుగు. లెక్కల్లో ఈ తేడాలను సరిచేస్తారు గానీ పూర్తిగా తుడిచిపెట్టడం సాధ్యం కాదు. 26 శాతం తగ్గుదల అన్నప్పుడు అది పండు చేసిన పనా, పండు తినే మనిషి జీవనవిధానం చేసిన పనా అన్నది ఈ రకం అధ్యయనంతో తేలదు.

అందుకే రెండో రకం ఆధారం కావాలి: కొందరికి నిజమైన పండు పొడి, కొందరికి అదే రంగు రుచి ఉన్న ఉత్తుత్తి పొడి ఇచ్చి, ఎవరికి ఏది అందిందో వారికే తెలియకుండా పోల్చడం. మీ వయసువారికి, మీలాంటి ఇబ్బందులే ఉన్నవారికి ఇలాంటి పరీక్ష ఇంగ్లాండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడింది. మెటబాలిక్ సిండ్రోమ్ (నడుము చుట్టూ కొవ్వు, రక్తపోటు, చక్కెర లాంటి ఇబ్బందులు కొన్ని ఒకేసారి ఉండడం) ఉన్న 115 మంది ఆరు నెలలపాటు రోజూ ఒక కప్పు పండ్లకు సమానమైన పొడి, లేదా అర కప్పుకు సమానమైన పొడి, లేదా ఉత్తుత్తి పొడి తీసుకున్నారు. ఒక కప్పు తీసుకున్నవారిలో రక్తనాళాలు వ్యాకోచించే శక్తి మెరుగుపడింది, నాళాల బిరుసు కొంత తగ్గింది. అర కప్పుతో ఆ ఫలితం రాలేదు. ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరులో ఏ మార్పూ లేదు. రక్తపోటు కూడా తగ్గలేదు. అంతకుముందు 2015లో, రుతుక్రమం ఆగిపోయి రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉన్న 48 మంది స్త్రీలతో ఫ్లోరిడాలో జరిగిన ఎనిమిది వారాల పరీక్షలో మాత్రం, పొడి తీసుకున్నవారి పై అంకె 138 నుంచి 131కి, కింది అంకె 80 నుంచి 75కి దిగింది. రెండు పరీక్షలు రెండు మాటలు చెప్పినప్పుడు ఏదో ఒకదాన్ని పట్టుకొని వేలాడకూడదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 2019 నాటి పరీక్షకు అమెరికాలోని బ్లూబెర్రీ రైతుల మండలి నిధులు ఇచ్చింది. అంతమాత్రాన ఫలితం అబద్ధం అనలేం. ఇన్సులిన్ మీద ప్రభావం లేదన్న, మండలికి నచ్చని సంగతి కూడా అందులోనే ప్రకటించారు. కానీ ఈ రంగంలో చాలా పరీక్షలు చిన్నవి, ఆ పండును అమ్మేవారి సొమ్ముతో జరిగినవి అన్న ఎరుకతోనే చదవాలి.

నా తీర్పు అడిగితే, రక్తనాళాలకు మేలు అన్నది కాస్త గట్టి ఆధారం ఉన్న మాట. జ్ఞాపకశక్తికి మేలు అన్నది ఆశ కలిగించే మాట. చక్కెరను దారికి తెస్తుందన్నది మాత్రం పరీక్షల్లో నిలబడని మాట. మీ అమ్మాయి చెప్పిన మూడింటిలో చక్కెర మాట నిలవలేదు, రక్తపోటు, మతిమరుపు మాటలు ఇంకా తేలవలసి ఉన్నాయి.

వేకువ:

పరగడుపు గారూ, మీ శ్రీమతి గారి సంగతి చదివి రాస్తున్నాను. ఏడాదికి నాలుగైదు సార్లు ఈ బాధ పడినదాన్ని నేను. మొదట్లో నేను చేసిన పొరపాటు చెబితే ఆమెకు ఉపయోగపడవచ్చు.

మంట మొదలవగానే డాక్టరు దగ్గరకు వెళ్ళకుండా క్రాన్‌బెర్రీ రసం సీసాలు తెప్పించుకొని నాలుగు రోజులు తాగాను. అయిదో రోజు జ్వరం, నడుము పక్కన నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. ఇన్ఫెక్షను మూత్రపిండం దాకా పాకిందన్నారు. అప్పుడు నాకు వైద్యం చేసినావిడ చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: క్రాన్‌బెర్రీ తలుపు దగ్గర కాపలా ఉండగలదేమో గానీ, లోపలికి వచ్చినవాడిని బయటికి గెంటలేదు.

ఆ మాటకు శాస్త్రీయమైన అర్థం తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణమయ్యే ఇ. కోలై బ్యాక్టీరియా తన ఒంటి మీది సన్నని నూలుపోగుల్లాంటి వాటితో మూత్రనాళం గోడను పట్టుకుంటుంది. క్రాన్‌బెర్రీలోని ఎ రకం ప్రోయాంథోసయనిడిన్లు అనే పదార్థాలు ఆ పట్టు చిక్కకుండా అడ్డుపడతాయి. పూర్వం ఈ పండు మూత్రాన్ని పులుపెక్కించి క్రిములను చంపుతుందనుకునేవారు. ఇప్పుడు ఆ వివరణకు విలువ ఇవ్వడం లేదు. గోడను ఇప్పటికే పట్టుకొని పెరిగిపోయిన బ్యాక్టీరియాకు మాత్రం యాంటీబయాటిక్ మందే కావాలి.

నివారణగా ఎంతవరకు పని చేస్తుందన్న దాని మీద అభిప్రాయం మారుతూ వచ్చింది. పరిశోధనలన్నింటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2012లో పెద్దగా ఉపయోగం లేదని తేల్చింది. 2023లో 50 అధ్యయనాలు, 8,857 మంది వివరాలతో మళ్ళీ తూచినప్పుడు, తరచుగా ఇన్ఫెక్షను తిరగబెట్టే స్త్రీలలో దాని అవకాశం సుమారు నాలుగో వంతు తగ్గుతుందనీ, పిల్లల్లో సగానికి పైగా తగ్గుతుందనీ చెప్పింది. సంరక్షణ కేంద్రాల్లో ఉండే వృద్ధులకు, గర్భిణులకు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానివారికి మేలు కనిపించలేదు. నాలుగో వంతు అంటే నాలాంటివారికి ఏడాదికి ఒకసారి తప్పినట్టు. అది నాకు చిన్న విషయం కాదు.

కొనేటప్పుడు సీసా వెనక అట్ట చదవడం మరచిపోకండి. అసలు క్రాన్‌బెర్రీ నోట్లో పెట్టుకోలేనంత పులుపు, వగరు. అందుకే మనకు అమ్మే రసాల్లో చాలావాటిలో నీరు, చక్కెర ముందు, పండు రసం తరువాత. ఎండు క్రాన్‌బెర్రీలు మరీ ఘోరం. తీపి చేర్చి ఎండబెట్టిన వాటిలో 100 గ్రాములకు సుమారు 70 గ్రాములు చక్కెరే. ఇంట్లో మీకు చక్కెర హద్దు మీద ఉందన్నారు గనుక, ఆ పొట్లం మీ చేతికి అందని చోట ఉంచమని మనవి.

పరగడుపు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. వేకువ గారి మాట మా ఇంటావిడ చేత చదివించాను. ఎండు క్రాన్‌బెర్రీల పొట్లం నిజంగానే చోటు మారింది.

మరి మూడు చిన్న సందేహాలు మిగిలాయి. తాజా పండ్లు అన్ని రోజులూ దొరకవు కాబట్టి గడ్డకట్టించినవి వాడవచ్చా, వాడితే గుణం తగ్గుతుందా? మా అమ్మగారికి 84 ఏళ్ళు. గుండె లయ సరిగా లేనందువల్ల రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటున్నారు. విటమిన్ కె ఉందని పైన చదివాను, ఆమెకు ఈ పండ్లు పెట్టవచ్చా? మా అమ్మాయి అరటిపండు, పెరుగు, బ్లూబెర్రీలు కలిపి చిలికి ఇస్తోంది. అలా తీసుకోవడంలో తేడా ఏమైనా ఉందా?

వంటింటి రసాయనం:

గడ్డకట్టించిన పండ్లు నిస్సంకోచంగా వాడవచ్చు. కోసిన కొద్ది గంటల్లోనే గడ్డకట్టిస్తారు గనుక ఆంథోసయనిన్లు నెలల తరబడి బాగానే నిలుస్తాయి. వారం రోజులు ప్రయాణం చేసి, అల్మరాలో మరో వారం కూర్చున్న తాజా పండుకన్నా అవి తీసిపోవు. వేడితో ఎండబెట్టినప్పుడు, జామ్‌గా ఉడికించి గది వేడిమిలో నెలల పాటు నిల్వ ఉంచినప్పుడు మాత్రం ఈ పదార్థం బాగా తరిగిపోతుంది. రసం తీస్తే తొక్కా పీచూ పిప్పిలో పోతాయి. అంటే ఏది కావాలని పండు కొన్నామో దాన్నే పారబోసినట్టు.

గడ్డకట్టించిన వాటితో ఉన్న అసలు చిక్కు శుభ్రత. చలి వైరస్‌లను చంపదు, దాచిపెడుతుంది. 2012లో జర్మనీలో గడ్డకట్టించిన స్ట్రాబెర్రీల వల్ల దాదాపు 11,000 మందికి, వారిలో ఎక్కువమంది బడి పిల్లలకు, వాంతులు విరేచనాలు పట్టుకున్నాయి, కారణం నోరోవైరస్. ఆ మరుసటి ఏడాది ఐరోపాలో గడ్డకట్టించిన కలగలుపు బెర్రీలతో హెపటైటిస్ ఎ వెయ్యికి పైగా మందికి సోకింది. ఆరోగ్యవంతులకు ఈ ప్రమాదం అరుదే. మీ అమ్మగారి వయసువారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి పెట్టేటప్పుడు ఒక నిమిషం పాటు బాగా మరగనిచ్చి చల్లార్చి పెట్టడం మంచిది. కొంత రంగు, కొంత విటమిన్ సి పోతాయి, పోనివ్వండి.

తాజా పండ్ల మీద బూడిద చల్లినట్టు కనిపించే తెల్లని పొరను చూసి మందు అవశేషం అనుకొని కొందరు రుద్ది కడుగుతారు. అది పండు తనంతట తాను తయారుచేసుకున్న మైనం. తేమ పోకుండా కాపాడుతుంది. తినబోయే ముందు మాత్రమే పారే నీటిలో కడగండి. ముందే కడిగి దాచితే రెండు రోజుల్లో బూజు పడుతుంది.

వార్ఫరిన్ విషయంలో సూత్రం ఏమిటంటే, విటమిన్ కె పూర్తిగా మానడం కాదు, రోజుకో తీరుగా మారకుండా చూసుకోవడం. కప్పు బ్లూబెర్రీల్లో సుమారు 29 మైక్రోగ్రాములు ఉంటుంది; ముదురు ఆకుకూరల్లో ఉండేదానితో పోలిస్తే ఇది కొద్దే. బ్లాక్‌బెర్రీల్లోనూ అంతే ఉంటుంది, స్ట్రాబెర్రీల్లో నామమాత్రం. ఒక వారం గిన్నెడు, మరో వారం అసలు లేకుండా కాక, చిన్న మోతాదులో క్రమంగా ఇవ్వండి. క్రాన్‌బెర్రీ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచవచ్చన్న హెచ్చరిక ఉంది కాబట్టి దాన్ని ఆమెకు దూరంగా ఉంచండి. ఏది మొదలుపెట్టినా ముందు ఆమె డాక్టరు గారికి చెప్పి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్షను ఈసారి కొంచెం ముందుగా చేయించడం మంచి పద్ధతి.

అరటిపండు ప్రశ్న బాగుంది. అరటిపండు కోసి పెడితే నల్లబడుతుంది కదా. ఆ పని చేసే ఎంజైము పక్కనున్న పండులోని పదార్థాలను కూడా వదలదు. 2023లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో, అరటిపండు కలిపి చిలికిన పానీయం తాగినవారి రక్తంలో ఫ్లావనాల్ అనే జాతి పదార్థాలు 84 శాతం తక్కువగా కనిపించాయి. బెర్రీలతోనే చేసిన పానీయంలో ఆ నష్టం లేదు. అక్కడ కొలిచింది ఫ్లావనాల్‌లను, ఆంథోసయనిన్లను కాదు. అయినా మీరు తినేది వీటి కోసమే అయితే, అరటిపండు విడిగా తినడంలో పోయేదేమీ లేదు.

ఈ రంగు ఎంత సున్నితమో చూడాలంటే నాలుగు పండ్లను గిన్నెలో నలిపి, నీళ్ళు కలిపి వడకట్టి, రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదానిలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఊదారంగు గులాబీ ఎరుపుగా మారుతుంది. రెండోదానిలో చిటికెడు వంటసోడా వేస్తే నీలంగా, ఆపై ఆకుపచ్చగా తిరుగుతుంది. సోడా ఎక్కువ పడిన కేకులో బ్లూబెర్రీల చుట్టూ పచ్చని మరకలు వచ్చేది ఇందుకే. తినడానికి హాని లేదు గానీ మొదటిసారి చూసినప్పుడు నేను బూజు అనుకొని కేకంతా పారేశాను.

పరగడుపు:

ప్రయోగం చేశాను. అమ్మ చాలాసేపు ఆ రెండు గ్లాసుల వంకే చూస్తూ కూర్చుంది. అరటిపండు ఇవాళ్టి నుంచి విడిగా తింటున్నాను. చివరిగా ఒక్కటి: కంటిచూపు పదును పెరుగుతుందంటూ బిల్‌బెర్రీ సారం మాత్రలు మా అమ్మాయి తెప్పించబోతోంది. తెప్పించనా, వద్దననా?

పోషకాల పంతులు:

వద్దనండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ విమాన చోదకులు బిల్‌బెర్రీ జామ్ తిని చీకట్లో గురి తప్పకుండా బాంబులు వేశారన్న కథ నుంచి పుట్టిన నమ్మకం ఇది. రాత్రిచూపు మీద జరిగిన పరీక్షలన్నింటినీ 2004లో సమీక్షించినవారు, ఆరోగ్యంగా ఉన్న కళ్ళకు దీనివల్ల రాత్రిచూపు మెరుగుపడుతుందన్న మాటను కట్టుదిట్టమైన పరీక్షలు బలపరచడం లేదని తేల్చారు. పైగా మాత్రలో ఎంత సారం ఉందన్నది తయారీదారుకు తయారీదారుకు మారుతుంది, పీచు అసలే ఉండదు. మీ వయసులో, అందునా చక్కెర హద్దు మీద ఉన్నప్పుడు, ఆ మాత్రలకు పెట్టే సొమ్ముతో ఒకసారి కంటి వైద్యుని దగ్గర కనుపాప పెద్దది చేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకోండి. పండ్లు మాత్రం తెప్పిస్తూనే ఉండమనండి, ఈసారి రాస్ప్‌బెర్రీలు.